డిలీట్ టూల్‌కు డాక్యుమెంటేషన్: ఈసారి చదివేది ఏజెంట్

(బెంగళూరులో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట సిల్క్ బోర్డు జంక్షన్ దాటుకుని మరీ డాక్యుమెంటేషన్ గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. నేరుగా విషయంలోకి వెళ్తాను. ఏజెంట్ అంటే మనం పని అప్పగిస్తే, టూళ్లను తనంతట తానే పిలిచి చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాం. ఫైళ్లు, డేటా తొలగించే డిలీట్ టూల్‌కు మనం రాసే వివరణను ఇప్పుడు చదివేది అదే.

లినక్స్ వాడేవారందరికీ ఫైళ్లను తొలగించే ఆర్ఎం కమాండ్ తెలుసు. దానితో ఏకంగా రూట్ డైరెక్టరీనే, అంటే సిస్టమ్‌లోని ఫైళ్లన్నీ ఉండే మొదటి ఫోల్డర్‌నే, తుడిచేయబోతే గ్నూ ఆర్ఎం ఒప్పుకోదు. తెర మీద రెండు వాక్యాలు చూపిస్తుంది. ఇలా చేయడం ప్రమాదకరం అనేది మొదటిది. ఈ రక్షణను పక్కన పెట్టాలంటే ‘నో ప్రిజర్వ్ రూట్’ ఆప్షన్ వాడండి అనేది రెండోది. మనిషికి మొదటి వాక్యం చాలు, గుండె ఝల్లుమని చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఏజెంట్‌కు పనికొచ్చేది రెండో వాక్యం. అప్పగించిన పని ఆగిపోయింది, ముందుకు పోయే దారి ఇదిగో అని ఎర్రర్ మెసేజే చెబుతోంది కదా! ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడళ్లలో హెచ్చరిక చూసి ఆగేవి లేవని కాదు. ప్రతిసారీ ఆగుతాయన్న హామీ లేదు.

అందుకే నేనంటాను: ఏజెంట్ కోసం రాసేటప్పుడు భయపెట్టడం మానేసి, జరిగేది జరిగినట్టు రాయాలి. ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. ‘ఫోర్స్ ఆప్షన్ ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి’ అని అందులో రాశామంటే అడ్డుగోడ కట్టి, పక్కనే నిచ్చెన వేసినట్టు. ‘ఇక్కడితో ఆగి, వాడుకరిని అడగండి’ అని రాయడానికి అదనపు ఖర్చేమీ లేదు.

ఒక డిలీట్ టూల్ వివరణ చూద్దాం. “ఇచ్చిన ఫోల్డర్‌లోని పాత ఫైళ్లను తొలగిస్తుంది. జాగ్రత్తగా వాడండి.” ఇలాంటివి మనందరి కోడ్‌లోనూ దొరుకుతాయి. పాతవంటే ఎన్నాళ్ల పాతవి? లోపలి ఫోల్డర్లలోకీ దిగుతుందా? మరో చోటున్న ఫైలునో ఫోల్డర్‌నో చూపించే సింబాలిక్ లింకు ఎదురైతే లింకును మాత్రమే తీసేస్తుందా, అది చూపించే చోటికి పోయి అక్కడున్నవీ ఊడ్చేస్తుందా? ఫోల్డర్ పేరు ఖాళీగా వస్తే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఖాళీ అంటే ‘అన్నీ’ అని అర్థం చేసుకునే టూళ్లు ఉన్నాయి. వెతికే టూల్‌లో అది సౌకర్యం, తుడిచే టూల్‌లో అదే కొంప ముంచుతుంది.

దాన్నే ఇలా రాయవచ్చు: “ఇచ్చిన ఫోల్డర్‌లో, చివరి మార్పు జరిగి 30 రోజులు దాటిన లాగ్ ఫైళ్లను శాశ్వతంగా తొలగిస్తుంది. ట్రాష్‌లోకి పంపదు. ఉప ఫోల్డర్లలోకి దిగదు. లింకుల వెంట వెళ్లదు. ఫోల్డర్ పేరు ఖాళీగా ఉంటే ఏమీ చేయకుండా ఎర్రర్ ఇస్తుంది. తొలగించమని వాడుకరి అడిగితేనే పిలవాలి. డిస్కు నిండిందన్న కారణం ఒక్కటీ చాలదు.” ఆ ఆఖరి మాట ఎందుకంటే, ఏజెంట్ టూల్‌ను ఎంచుకునేది ఈ వివరణ చదివే. బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే పని) మధ్యలో డిస్కు నిండితే దానికి ముందుగా తట్టేది దగ్గర్లో ఉన్న డిలీట్ టూలే. ఎప్పుడు వాడకూడదో రాయని వివరణ సగం వివరణ.

ఇంత రాసినా రాత రాతే, తాళం తాళమే. ఏజెంట్లకు టూళ్లను అందించే ప్రమాణమైన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో టూల్ విధ్వంసకరమైనదా అని చెప్పే గుర్తు ఒకటుంది. చదవడానికే పరిమితం కాని టూల్ విషయంలో ఆ గుర్తు పెట్టకపోతే విధ్వంసకరమనే అనుకోవాలి. మంచి నియమమే. కానీ ‘డిస్ట్రక్టివ్ హింట్’ అనే దాని పేరులోనే అది సూచన మాత్రమేనని ఉంది. ఏజెంట్ చేతికిచ్చిన ఖాతాకు ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడుకరులు వాడే సిస్టమ్‌లో, తొలగించే హక్కే లేకపోవడం వేరు, వద్దని పేరాగ్రాఫులు రాయడం వేరు.

టూల్ తయారీ మీ చేతుల్లోనే ఉంటే పనిని రెండుగా విడగొట్టండి. సర్వర్ల వంటి వనరులను కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫార్మ్‌లో ప్లాన్ (ఏం మారుతుందో చూపడం), అప్లై (ఆ మార్పు చేయడం) ఉన్నాయి చూడండి, ఆ పద్ధతి. మొదటి కాల్ ఏమేం పోతాయో జాబితా ఇచ్చి, దానికొక టోకెన్ (ఆ జాబితాకే చెల్లే గుర్తింపు సంకేతం) ఇస్తుంది. రెండో కాల్ ఆ టోకెన్‌ను మాత్రమే తీసుకుంటుంది. ఈలోగా ఫైళ్లు మారితే టోకెన్ చెల్లదు. ‘కన్ఫర్మ్’ అనే ఆప్షన్‌కు ‘అవును’ అని పంపమంటే ఏజెంట్ మొదటి కాల్‌లోనే పంపేస్తుంది, దానికేం మొహమాటం?

2025 జులైలో రెప్లిట్ కంపెనీవారి కోడింగ్ ఏజెంట్ ఒక ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసిన సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. మార్పులు చేయవద్దని చెప్పి ఉన్నా చేసింది. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది తరువాతి ఘట్టం. డేటా తిరిగి రాదని ఏజెంట్ చెప్పింది. చూస్తే రోల్‌బ్యాక్, అంటే పాత స్థితికి వెనక్కి తిప్పడం, పనిచేసింది! తిరిగి తెచ్చుకునే దారి ఉందా, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరు తేగలరు అనేది టూల్ ఇచ్చే జవాబులోనే ఉండాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో కేఎంఎస్ కీని (డేటాను రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని) తొలగించమంటే అప్పటికప్పుడు పోదు. 7 నుంచి 30 రోజుల గడువు పెడుతుంది, ఏ తేదీన పోతుందో జవాబులో చెబుతుంది. ఆలోగా రద్దు చేసుకోవచ్చు.

ఇక సగంలో ఆగిపోయిన పని. వంద ఫైళ్లలో అరవై పోయాక అనుమతి లేక ఆగితే, ‘విఫలమైంది’ అని ఒక్క మాట చెప్పే టూల్‌ను నమ్మి, ఏదీ పోలేదని ఏజెంట్ మీకు నివేదిస్తుంది. పోయినవేవో, మిగిలినవేవో పేర్లతో సహా ఇవ్వండి, మళ్లీ పిలిస్తే ఏం జరుగుతుందో కూడా రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.