పిస్టన్ చేతికి రాకుండా బోరు ముట్టుకోవద్దు

నమస్కారమండీ. ఇది విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు. బెంచీ మీదున్నది పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 బ్యారెల్, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండరు. ఆయిల్ తాగుతోంది, నీలం పొగ కొడుతోంది అని తెచ్చారు.

దీని అసలు బోరు, అంటే లోపలి రంధ్రం వెడల్పు, 70 మిల్లీమీటర్లు. బోర్ గేజ్ దింపుతున్నా, ముల్లు చూడండి. అడుగున, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు చేరని చోట 70 దగ్గరే ఉంది. పైన, రింగు వెనక్కి తిరిగే చోట ముందువెనకలకు పడితే 70.16. గేజ్ అడ్డంగా తిప్పితే 70.08. అంటే పైన వెడల్పయింది, గుండ్రం కూడా పోయింది.

అరిగింది 0.16 కదా, అసలు కొలత కంటే 0.25 లావుండే ఓవర్‌సైజు పిస్టన్ చాలదా అంటారు. చాలదండీ. మంట లేచినప్పుడల్లా పిస్టన్ వెనక గోడకే ఒరుగుతుంది. అరుగుదల అంతా అటే అనుకోండి, పాత సెంటరు తప్పకుండా ఆ గుంట పోవాలంటే బోరు 70.32 దాకా వెళ్లాలి. అందుకే 0.50 తెప్పించాను.

బోరింగ్, అంటే బోరుని కోసి పెద్దది చేయడం, ఇంకా మొదలుపెట్టను. డబ్బా మీది నంబరు నమ్మను. పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్నుకి అడ్డంగా, స్కర్టు దగ్గర, అంటే పిస్టన్ కింది భాగంలో, మైక్రోమీటర్ పెట్టి పిస్టన్ కొలుస్తాను. దానికి పిస్టన్‌తో వచ్చిన కాగితంలోని క్లియరెన్స్, అంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు, కలిపితే మన బోరు. ఒక్క మాట: మే నెల ఎండలో పడి తెచ్చిన పిస్టన్‌ని వెంటనే కొలవకండి. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. రాత్రంతా పిస్టన్, బ్యారెల్ రెండూ ఒకే బెంచీ మీద ఉంచి, పొద్దున్నే కొలవండి.

బోరింగ్‌లో సెంటరు అడుగున అరగని చోట పట్టాలి. హోనింగ్‌కి, అంటే రాయితో గోడని సానబట్టడానికి, 0.05 వదలాలి. తర్వాత 220 నంబరు రాయి, ఆపైన 280, కిరసనాయిలు ధార ఆగకుండా. గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకోవాలి. మరీ పడుకుంటే రింగు జారుతూ ఎగురుతుంది, మరీ నిలబడితే ఆయిల్ గోడ మీద నిలవదు.

ఇప్పుడు కడగడం. కొత్తలో నేను కిరసనాయిలుతో తుడిచి బిగించేశాను. గీతల్లో ఇరుక్కున్న రాతిపొడి కొత్త రింగులని తినేసింది, బండి పొగతోనే తిరిగొచ్చింది. డబ్బులు పోసిన మనిషి ముఖం ఇప్పటికీ గుర్తే. సబ్బు, వేడినీళ్లు, బ్రష్షు తప్పదు. ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది. ఆ ఆయిల్‌నే తెల్లబట్టతో తుడిచి చూడాలి.

ఇదిగో, మూడోసారి కడిగాక బట్ట. ఇంకా బూడిదరంగు మరక ఉంది. తమ్ముడూ, ఇంకో బకెట్ వేడినీళ్లు పట్రా.