ఏడవని బిడ్డను చల్లబరచాలా?

అందరికీ నమస్కారం. ఇక్కడ తల్లిదండ్రులున్నారు, నర్సులున్నారు, మెడికల్ కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. అందుకే వార్డులో మాట్లాడుకున్నట్టే మాట్లాడతాను, అర్థం కాకపోతే మధ్యలోనే చెయ్యెత్తి అడగండి.

కాన్పు గదిలో అందరూ ఎదురుచూసేది ఒక్క ఏడుపు కోసం. అది వినపడకపోతే అక్కడున్న ప్రతి మనిషికీ గుండె ఆగినంత పనవుతుంది. పుట్టేటప్పుడు మెదడుకి రక్తం, ఆక్సిజన్ అందని బిడ్డకి దెబ్బ ఒక్కసారే తగిలి ఊరుకోదు. మొదటి దెబ్బ తర్వాత మెదడు కణాలు కాస్త తేరుకున్నట్టే ఉంటాయి, కొన్ని గంటలయ్యాక మళ్ళీ చనిపోవడం మొదలవుతుంది, అప్పుడే ఫిట్స్ కూడా ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రెండు దెబ్బల మధ్య డాక్టర్ల చేతిలో ఉండే టైమ్ సుమారు 6 గంటలు. ఆలోపు బిడ్డ ఒంటి వేడిని సుమారు 33.5 డిగ్రీల సెల్సియస్ దాకా తగ్గించి, 72 గంటలు అలాగే ఉంచి, తర్వాత మెల్లగా మామూలు వేడికి తెస్తే రెండో దెబ్బ తగ్గుతుందని 2005లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు, 2009లో బ్రిటన్ నాయకత్వంలో వచ్చిన టోబీ అధ్యయనం ఆశ కలిగించాయి. ధనిక దేశాల్లో అదే మామూలు వైద్యం అయిపోయింది. అక్కడ ఇలా చల్లబరిచిన ప్రతి ఏడెనిమిది మందిలో ఒక బిడ్డ అదనంగా బతికి, పెద్ద వైకల్యం లేకుండా పెరుగుతుంది. చిన్న విషయం కాదది.

సహజంగానే మనమూ మొదలుపెట్టాం. ఖరీదైన మెషీన్ లేనిచోట జెల్ ప్యాక్‌లతో చల్లబరిచారు. నేనూ దాన్ని గట్టిగా నమ్మినవాణ్ణే. "ఫారిన్‌లో చేస్తున్నారు కదా డాక్టరుగారూ, మా బాబుకి ఎందుకు చెయ్యరు" అని ఒక నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు 2021లో వచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ డాక్టర్ సుధీన్ తయ్యిల్ నాయకత్వంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది పిల్లల మీద చేసిన హెలిక్స్ అధ్యయనం అది. అక్కడ నర్సులున్నారు, వెంటిలేటర్లున్నాయి, చల్లబరిచే పరికరాన్నీ సరిగ్గానే వాడారు. అయినా 18 నెలల నాటికి చనిపోయిన లేదా ఓ మోస్తరు నుంచి తీవ్ర వైకల్యం మిగిలిన పిల్లలు చల్లబరిచిన గుంపులో 50 శాతం, మామూలు వైద్యం అందిన గుంపులో 47 శాతం. చావులొక్కటే చూస్తే 42 శాతం, 31 శాతం. ఎక్కువమంది చనిపోయింది చల్లబరిచిన గుంపులోనే. ఆ అంకెలు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఎందుకిలా జరిగింది? మన దగ్గర చాలామంది పిల్లలకి మెదడు దెబ్బ కాన్పు సమయంలో కాకుండా అంతకు చాలా ముందే, కడుపులో ఉండగానే మొదలవుతోందేమోనని పరిశోధకుల అనుమానం. అదే నిజమైతే మనం చల్లబరచడం మొదలుపెట్టేసరికి ఆ 6 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. తల్లికి రక్తహీనత, ఇన్ఫెక్షన్, కడుపులో బిడ్డ ఎదగకపోవడం, ఎంతో దూరం నుంచి ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం, వీటన్నిటినీ కలిపి చూడాలి. వాదన ఇంకా ముగియలేదు, మంచి వసతులుండి అక్కడే పుట్టిన బిడ్డకైతే ఈ వైద్యం ఇవ్వవచ్చనే డాక్టర్లూ ఉన్నారు. నా మటుకు నేను మాత్రం హెలిక్స్ చూశాక రొటీన్‌గా చల్లబరచడం సరికాదనే అనుకుంటున్నాను. దానర్థం బిడ్డని గాలికి వదిలేయడం కాదు. ఊపిరి నిలబెట్టాలి, షుగర్ పడిపోకుండా చూసుకోవాలి, ఫిట్స్‌కి మందివ్వాలి, ముఖ్యంగా జ్వరం రానివ్వకూడదు. దెబ్బతిన్న మెదడుకి వేడి పెరగడం చాలా చెడ్డది.

ఇదంతా నెలలు నిండిన బిడ్డల మాట. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి పూర్తిగా వేరు. 24 వారాలప్పుడు మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది, ఆ మడతలన్నీ తర్వాతి నెలల్లో రావాల్సినవి. లోపలి రక్తనాళాలు ఎంత పల్చనంటే మొదటి 3 రోజుల్లో బీపీ కాస్త అటూ ఇటూ అయినా చిట్లి మెదడులోకి రక్తం కారవచ్చు. ఆ బిడ్డకి కావాల్సింది వెచ్చదనం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే పిల్లల్ని తల్లుల రొమ్ముకి ఆనించి కట్టించారు, అదే కంగారూ కేర్. బిడ్డ కుదుటపడ్డాకే అలా ఇవ్వాలని మేం చాలాకాలం అనుకున్నాం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని 4 దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనిస్తే 28 రోజుల్లోపు చావులు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇదీ 2021లోనే వచ్చింది. బాలింతని ఐసీయూలోకి రానివ్వం అనే రూల్ ఇంకా నడుస్తున్న ఆసుపత్రులుంటే, దయచేసి ఈ అంకె గోడమీద రాసి పెట్టుకోండి.

చివరిగా ఇక్కడున్న అమ్మానాన్నలకి ఒక మాట. రీసెర్చ్ అనగానే "మా బిడ్డ మీద ప్రయోగమా" అని భయపడతారు, ఆ భయం నాకు తెలుసు, అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాకే సంతకం పెట్టండి. కానీ హెలిక్స్‌లో చేరిన కుటుంబాలని తలచుకోండి. బిడ్డ ప్రాణం మీదికొచ్చిన ఆ రాత్రి వాళ్ళు ఒప్పుకున్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే నూటికి 97 మంది పిల్లల విషయంలో ఏం జరిగిందో పూర్తిగా తెలిసింది, బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు. ఈ రోజు మా వార్డుకి ఏడవని బిడ్డ వస్తే నేను జెల్ ప్యాక్ కోసం చెయ్యి చాచకుండా ఆగుతున్నానంటే, అది వాళ్ళు ఇచ్చిన జవాబు వల్లే.