వందేళ్ళ వరద మళ్ళీ వస్తుందా? బోరెల్-కాంటెల్లి లెమ్మా, ఏటిగట్టు మీద నుంచి

[ఏటిగట్టు మీద షాట్, వెనకాల లంకలు]

నమస్తే అండి, ఇవాళ ధవళేశ్వరం దిగువన గట్టు మీద నుంచుని చెప్తున్నాను, ఈ లెక్క బోర్డు ముందు కంటే ఇక్కడే బాగా ఎక్కుద్ది. మా లంకల్లో ఏ పెద్దాయన్ని కదిపినా 86 వరద గురించే చెప్తారు, 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందండి, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి, ఇది దానికి రెట్టింపు పైమాటే. అంతా చెప్పి చివర్లో "అలాంటిది వందేళ్ళకోసారి, మళ్ళీ మనం చూడంలే" అంటారు, నాకు ఆ మాట దగ్గరే భయం.

వందేళ్ళ వరద అంటే ఏటా నూటికి ఒక వంతు ఛాన్స్ అని, అంతే. నిరుడు వచ్చిందని ఈ ఏడు తగ్గదు. లంకలో 30 ఏళ్ళు కాపురం ఉంటే ఒక్కసారైనా చూసే ఛాన్స్ 26 శాతం, ఎలాగంటే 0.99ని 30 సార్లు గుణించి 1లోంచి తీసేయండి.

సరే, గట్టు ఏటేటా ఎత్తు చేసుకుంటూ పోతే? రెండో ఏడు గట్టు తెగే ఛాన్స్ 1/2, మూడో ఏడు 1/3, నూరో ఏడు 1/100, అలా తగ్గుతుందనుకోండి, ఏ ఏడుకి ఆ ఏడు విడి అనుకోండి. సున్నాకి పోతోంది కదా, ఇంక నిద్రపోవచ్చా?

[స్క్రీన్ మీద భిన్నాలు]

101వ ఏడు నుంచి 200 దాకా ఒక్కసారి కూడా తెగకపోయే ఛాన్స్ చూడండి: 100/101 ఇంటూ 101/102 ఇంటూ 102/103, పైన ఒకటి కింద ఒకటి కొట్టుకుపోయి చివరికి 100/200, అంటే సగం! 1000 దాకా అయితే పదో వంతు. ఇంకా పోతే సున్నా. అంటే ఎప్పుడో ఒకప్పుడు తెగుద్ది, మళ్ళీ తెగుద్ది, ఎన్నిసార్లైనా.

అదే 1/4, 1/9, 1/16 అని వర్గాల్లో తగ్గితే మొత్తం కథే మారిపోద్ది. 101వ ఏడు నుంచి ఛాన్సులన్నీ, ఎన్ని లక్షల ఏళ్ళయినా, కూడితే నూటికి ఒకటి కూడా రాదు. ఛాన్స్ తగ్గడం ఒక్కటే చాలదండి, ఎంత స్పీడుగా తగ్గుతోందన్నదే అసలు విషయం. ఏటేటా ఛాన్సుల కూడిక ఒక అంకె దాటకుండా ఆగితే కొన్నిసార్లే తెగుద్ది, దీనికి ఏళ్ళు విడివిడిగా ఉండక్కర్లేదు కూడా. కూడిక ఎక్కడా ఆగకపోతే (1/2, 1/3, 1/4 కూడుకుంటూ పోతే అంతే), ఏళ్ళు విడివిడిగా ఉంటే, అనంతంగా తెగుద్ది. 1909లో బోరెల్, 1917లో కాంటెల్లి అనే లెక్కల పండితులు తేల్చిన సంగతి ఇది, దీన్నే బోరెల్-కాంటెల్లి లెమ్మా అంటారు, ప్రాబబిలిటీలో నాకు ఇంతకంటే ఇష్టమైంది లేదు.

[చేలోకి దిగి, దారం లాగుతూ]

మరి వర్గాల కేసులో గట్టు అనంతంగా తెగడం అసాధ్యమా అంటే, కాదండి! ఇదిగో, ఈ చేలో అడ్డంగా దారం లాగాను, దారానికి మందం అసలు లేదనుకోండి, దాని కింద ఎన్ని సెంట్ల నేల పోయింది? సున్నా. కానీ దారం కింద మట్టి ఉంది కదా. అలాంటి వాటిని మెజర్ జీరో అంటారు, పొడవు, వైశాల్యం లాంటి కొలతల్ని లెబెగ్ అనే లెక్కల పండితుడు 1902లో గట్టి పునాది మీద పెట్టాడు, 1933లో కోల్మొగొరొవ్ అనే ఇంకో పండితుడు ప్రాబబిలిటీ మొత్తాన్నీ ఆ కొలతల మీదే నిలబెట్టాడు. ఏటేటా తెగుతూనే ఉండే చరిత్రలు కూడా లెక్కలో ఉన్నాయి, వాటన్నిటినీ కలిపి కొలిస్తే ఒక్క సెంటు కూడా రాదు.