డబ్బంతా ఇంజిన్‌లో పోయకండి: మట్టి ఓవల్‌కు క్వాడ్ తయారీ

మిత్రులందరికీ నమస్కారం.

ఇక్కడ ఒహాయోలో వేసవి వచ్చిందంటే ఏదో ఒక కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో మట్టి ట్రాక్ మీద రేసులు ఉంటాయి. మీలో చాలామంది స్టాండ్స్‌లో కూర్చుని చూసినవాళ్లే. ఇప్పుడు కొందరు కుర్రాళ్లు, "అంకుల్, తక్కువ డబ్బుతో మేమూ ఒక క్వాడ్ తయారు చేసుకుని దిగొచ్చా?" అని అడుగుతున్నారు. క్వాడ్ అంటే హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి. దిగొచ్చు. అయితే ఇంజిన్ మీద పెట్టాలనుకున్న డబ్బు మాత్రం ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. ఓవల్‌లో, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్‌లో, దాదాపు సగం దూరం మలుపులోనే గడుస్తుంది. మలుపు నుంచి బయటికి వస్తూ ఎవరు ముందుగా థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కగలిగితే ఆ తర్వాతి స్ట్రెయిట్, అంటే తిన్నని దారి, వాళ్లదే. బండి పక్కకు జారిపోతుంటే ఎంత హార్స్ పవర్ ఉన్నా అది మట్టిని వెనక్కి చిమ్మడానికే పనికొస్తుంది.

ముందు బండి సంగతి. కొత్త యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ కొనాలంటే పది వేల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. మొదటిసారి దిగేవాళ్లకు నేను చెప్పేది పాత హోండా 400ఈఎక్స్. 1999లో వచ్చింది, 397 సీసీ, ఎక్స్ఆర్400 మోటార్‌సైకిల్ నుంచి తీసుకున్న ఇంజిన్. గాలితోనే చల్లబడుతుంది కాబట్టి రాయి తగిలి పగలడానికి రేడియేటరే లేదు. స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. 1986 నుంచి 1989 దాకా వచ్చిన టీఆర్ఎక్స్250ఆర్ మీద మనసు పడేవాళ్లు ఉంటారు, నాకూ ఆ బండంటే ప్రాణం. కానీ ఇప్పుడది చవక దారి కాదు.

కొనేటప్పుడు వెనక భాగం పైకెత్తి చక్రాన్ని పక్కకు ఊపి చూడండి. ఆట ఉందంటే బేరింగులు పోయినట్టే. ముందు బాల్ జాయింట్లు కూడా అలాగే చూడండి. 400ఈఎక్స్‌లో ఆయిల్ విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. బండి కాసేపు నడిచి వేడెక్కాకే కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసేస్తే ఎక్కువైపోతుంది.

ఇంటికి తెచ్చాక మొదటి ఖర్చు ప్రాణానికి సంబంధించినది. దీనిలో మాత్రం పొదుపు వద్దు. టెథర్ కిల్ స్విచ్ అంటే మీ మణికట్టుకు కట్టుకునే తాడు. మీరు పడిపోగానే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. నెర్ఫ్ బార్లు, అంటే బండికి రెండు పక్కలా బిగించే లోహపు గొట్టాలు, పక్కవాడి చక్రం మీ చక్రాల మధ్య దూరకుండా ఆపుతాయి. వాటికున్న వల మీ కాలు వెనక చక్రం కిందికి పోకుండా కాపాడుతుంది. సెకండ్ హ్యాండ్ నెర్ఫ్ బార్లు కొనండి, తప్పు లేదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. పాతది లోపల ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనబడదు.

తర్వాత బండిని కిందికి దించాలి, వెడల్పు చేయాలి. మనం తిరిగేది ఎడమకే కాబట్టి మలుపులో బరువు కుడివైపు చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందనేది బరువు కేంద్రం ఎత్తుకూ చక్రాల మధ్య దూరానికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఎత్తు 24 అంగుళాలు, మధ్య దూరం 40 అనుకోండి. అది 0.6. రెండు అంగుళాలు దించి నాలుగు అంగుళాలు వెడల్పు చేస్తే 22 బై 44, అంటే 0.5. కుడివైపుకు పోయే బరువు ఆరో వంతు తగ్గింది, దాంతో పల్టీ భయమూ తగ్గింది, ఇంజిన్ ముట్టుకోకుండానే. వెడల్పుకు పొడవు ఎ-ఆర్మ్‌లు (ముందు చక్రాలను ఫ్రేముకు కలిపే చేతులు), పొడవు యాక్సిల్ (వెనక ఇరుసు) సరైన మార్గం. వీల్ స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరపడానికి వెనక పెట్టే దిమ్మలు, చవక, మొదటి సీజన్‌కు చాలు, కానీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, హ్యాండిల్ గుంతల్లో ఎక్కువ కొడుతుంది. చాలాచోట్ల మొత్తం వెడల్పు 50 అంగుళాలు దాటకూడదంటారు. కొనకముందే మీ క్లబ్ రూల్ బుక్ చదవండి. బండిని దించడానికి షాకులను (కుదుపులు ఆపే స్ప్రింగు గొట్టాలను) స్ట్రాపులతో కట్టేసేవాళ్లున్నారు. నడుస్తుంది గానీ, నాలుగు రాళ్లు మిగిలితే ముందు షాకులను సస్పెన్షన్ షాపులో పొట్టి చేయించి, మీ బరువుకు తగ్గట్టు వాల్వింగ్ (లోపల ఆయిల్ కదిలే తీరు) మార్పించండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం, స్టాగర్. అంటే వెనక రెండు టైర్ల చుట్టుకొలతలో కావాలని పెట్టే తేడా. ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, చక్రాలు దేనికవి తిరుగుతాయి. అందుకే మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరిగినా ఇబ్బంది ఉండదు. స్పోర్ట్ క్వాడ్ వెనక భాగం అలా కాదు. రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, ఇరుసూ రెండు చక్రాలూ ఒకే ముక్క. మనం తిరిగేది ఎప్పుడూ ఎడమకే. లోపలి చక్రం 100 అడుగుల వ్యాసార్థంలో తిరిగితే అది 1200 అంగుళాలు. 40 అంగుళాల దూరంలో ఉన్న బయటి చక్రానికి 1240. ఎడమ టైరు చుట్టుకొలత 60 అంగుళాలైతే కుడిది 62 ఉండాలి. అప్పుడు బండి తనంతట తానే ఎడమకు తిరగాలని చూస్తుంది. అయితే రెండు అంగుళాలూ పెట్టేస్తే స్ట్రెయిట్‌లో ఎడమకు లాగుతుంది, వేగం తింటుంది. నేనైతే అంగుళంతో మొదలుపెడతాను.

దీనికి కావలసిందల్లా దర్జీ టేపు ఒకటి. ఒకే సైజు రాసి ఉన్న పాత టైర్లు కూడా కొలిస్తే తేడా వస్తాయి. రేసర్లు తీసేసిన టైర్ల గుట్టలో వెతకండి, గాలి సమానంగా నింపి కొలిచి జత కలపండి. బండితో వచ్చిన ఎత్తు గుబ్బల టైర్లు మాత్రం వద్దు. జారుతున్నప్పుడు గుబ్బలు మడతపడి ఒక్కసారిగా పట్టుకుంటాయి, ఎడమ చక్రాలు లేచి బండి కుడివైపుకు పల్టీ కొట్టబోతుంది. పక్కలు గట్టిగా, ఎత్తు తక్కువగా ఉండే టీటీ టైర్లు (ఇలాంటి మట్టి ట్రాకు రేసుల టైర్లు) పాతవైనా మేలు. అంచులు గుండ్రబడితే గ్రూవింగ్ కత్తితో కొత్త గాట్లు పెట్టుకోవచ్చు. గాలి అయిదారు పౌండ్ల లెక్కలో ఉంటుంది కాబట్టి కారు గేజ్ పనికిరాదు, తక్కువ ప్రెషర్ గేజ్ కొనుక్కోండి.

ముందు చక్రాల వాలు మార్చుకునే ఎ-ఆర్మ్‌లు ఉంటే రెండు చక్రాల తలలూ కాస్త ఎడమకు వాలేట్టు పెట్టండి. మలుపులో టైరు పూర్తిగా నేలను పట్టుకుంటుంది.

ట్రాక్ గురించి కూడా ఒక మాట. సాయంత్రం నీళ్ల లారీ తిరిగాక మట్టి జిగురుగా ఉంటుంది, ఎలా నడిపినా పట్టుకుంటుంది. రాత్రి ఫైనల్ సమయానికి ఎండి నున్నగా మెరుస్తుంది. ప్రాక్టీసులో బాగున్న బండి ఫైనల్లో జారేది అందుకే. అప్పుడు థ్రాటిల్ నెమ్మదిగా నొక్కాలి, ఒళ్లు ఇంకా లోపలికి వేయాలి. 170 కిలోల బండి మీద 70 కిలోల మనిషి ఎటు వంగాడన్నది ఏ పార్టు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ప్రాక్టీసులో ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది పుస్తకంలో రాసుకోండి.

ఇవన్నీ కుదిరాక, అప్పుడూ మీరు స్ట్రెయిట్ చివర్లో వెనకబడుతుంటే, ఒక పన్ను తేడా ఉన్న స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) మార్చి చూడండి. పిస్టన్, క్యామ్ మాట రెండో సీజన్‌లో మాట్లాడుకుందాం.

నా బండి బయట ట్రైలర్ మీదే ఉంది. టేపు కూడా తెచ్చాను. ప్రశ్నలున్నవాళ్లు రండి, వెనక టైర్లు మీరే కొలిచి చూడండి.