రంగు పూయని రంగులు: హెర్క్యులిస్ పురుగు, నీలి మార్ఫో

నమస్కారం. మధ్య, దక్షిణ అమెరికాల వర్షారణ్యాలలో రాలి పులిసిన పండు దగ్గరకు పగటి పూట నీలి మార్ఫో సీతాకోకచిలుక రసం పీల్చుకోవడానికి వస్తుంది. చీకటి పడ్డాక అలాంటి పండు కోసమే హెర్క్యులిస్ పెంకు పురుగు బయలుదేరుతుంది. ఈ రెండింటిలో ఏది పెద్దది అన్న ప్రశ్నకు సెంటీమీటర్లు సరైన జవాబు చెప్పవు. మగ హెర్క్యులిస్ 17 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు కానీ అందులో చాలా భాగం కొమ్మే. మార్ఫో రెక్కలు విప్పితే 15 సెంటీమీటర్లు దాటవచ్చు కానీ వాటి మధ్యనున్న ఒళ్ళు చాలా సన్ననిది.

హెర్క్యులిస్ బరువంతా దాని బాల్యంలో సంపాదించినదే. కుళ్ళిన మానులో ఏడాదికి పైగా తింటూ పెరిగే దాని తెల్లని పురుగు 100 గ్రాములు దాటగలదు. మన కొబ్బరి తోటల్లో మొవ్వును తొలిచే కొమ్ము పురుగు దీనికి దగ్గరి బంధువే; పెంటకుప్ప తవ్వినప్పుడు వంకర తిరిగి పడుకున్న దాని పిల్లపురుగును చూసినవారు, దానికి ఎన్నో రెట్లు పెద్దదాన్ని ఊహించుకోవచ్చు. మార్ఫో గొంగళి పురుగు చిక్కుడు జాతి ఆకులు తింటుంది, గుడ్డు నుంచి మరణం దాకా దాని ఆయుష్షు సుమారు నాలుగు నెలలే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది వీటి రంగు. మార్ఫో రెక్కలో నీలి వర్ణద్రవ్యం లేదు. రెక్క మీది పొలుసులపై అతి సన్నని గట్లు, ఆ గట్లలో అరలు అరలుగా పొరలు, వాటి మధ్య గాలి ఉంటాయి. ఆ అమరిక నీలి కాంతినే బలంగా వెనక్కి పంపుతుంది. రెక్క మీద ఒక చుక్క ఆల్కహాల్ వేస్తే గాలి ఉన్న చోట ద్రవం చేరి నీలం ఆకుపచ్చగా మారుతుంది, ఆరగానే మళ్ళీ నీలం తిరిగి వస్తుంది.

హెర్క్యులిస్ ఇదే పనిని అడవి తేమతో చేస్తుంది. దాని రెక్క పెంకుల పైపొర కింద స్పాంజి వంటి పొర ఉంది. అది పొడిగా ఉన్నప్పుడు పెంకు పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది, తేమ చేరి సందులు నిండితే కాంతి లోపలికి దిగి అడుగున ఉన్న నల్లని పొర బయటపడుతుంది. హింటన్, జార్మన్ అనే శాస్త్రవేత్తలు 1972లో ఈ మార్పును వివరించారు. రాత్రి గాలిలో తేమ పెరిగినప్పుడు పురుగు నల్లబడి చీకటిలో కలిసిపోతుందనీ, తెల్లవారి గాలి పొడిబారాక మళ్ళీ పసుపుపచ్చ తేలుతుందనీ భావిస్తారు.