బాట్ ఫ్రీగా ఇచ్చారు, నేను మాత్రం లేబుల్స్ దగ్గరే ఆగిపోయా

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం ఒక కంపెనీ వాళ్లు వాళ్ల ఆటో రిప్లై బాట్, అంటే వాట్సాప్‌లో కస్టమర్ల మెసేజ్‌లకి దానంతట అదే జవాబిచ్చేది, మూడు నెలలు ఫ్రీగా ఇచ్చారు. పేరు చెప్పను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. దాని ప్లాన్లు, రేట్ల జోలికి పోను.

మాది చీరాలలో చీరల షాపు, చిన్నదే, అమ్మకాలు సగం ఫోన్ మీదే. 2018లో వాట్సాప్ బిజినెస్, అదే చిన్న వ్యాపారాల కోసం వాట్సాప్ వాళ్ల ఫ్రీ యాప్, వచ్చినప్పుడు మామూలు దానికీ దీనికీ తేడా ఏముందిలే అనుకున్నా. ఎవరు ఎంత బాకీ అన్నది అప్పట్లో మా ఆయన నోట్‌బుక్‌లో ఉండేది, ఆ నోట్‌బుక్ ఎక్కడుందో మాత్రం దేవుడికే తెలియాలి. తర్వాత ఆ యాప్‌లో లేబుల్స్ పట్టుకున్నా చూడండి, ఏ చాట్ ఏ పనిలో ఉందో గుర్తుకి పెట్టుకునే చీటీల్లాంటివి! చాట్ మీద వేలు నొక్కి పట్టుకుని లేబుల్ తగిలించడమే. 'అడ్వాన్స్ వచ్చింది', 'ఫాల్ కుట్టాలి', 'కొరియర్ వెళ్లింది', 'మళ్లీ చెప్తా అన్నారు'. ఈ చివరిదే నా ఫేవరెట్, పండగకి పది రోజుల ముందు అది తెరిచి ఒక్కొక్కరికీ కొత్త ఫొటో పంపితే కొందరైనా తీసుకుంటారు. నేసేవాళ్ల చాట్లకి 'మగ్గం మీద ఉంది' అని ఇంకోటి. మాకు కుప్పడం చీరలు నేసిచ్చే బాబాయి అసలు టైపే చేయడు, అన్నీ వాయిస్ మెసేజ్‌లు, ఇంట్లో కబుర్లన్నీ అయ్యాక మూడో నిమిషంలో రేటు చెప్తాడు. అది విని కింద నేనే టైప్ చేసుకుంటా, లేకపోతే తర్వాత వెతికితే దొరకదు.

ఇక బాట్. ఒకావిడ "అక్కా, నెమలి కంఠం రంగులో ఉందా?" అని అడిగితే అది "ధన్యవాదాలు! చీరల కోసం 1 నొక్కండి" అంది. పాపం నొక్కింది. మళ్లీ అదే మెనూ. చివరికి ఫోన్ చేసి "ఏంటక్కా, నా మీద కోపమా?" అంది! అసలు ఆ రంగు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది, నేనైతే చీర గుమ్మంలోకి తెచ్చి ఎండలో పరిచి వీడియో కాల్‌లో చూపిస్తా.

రోజుకి వందల మంది ఒకటే ప్రశ్న అడిగే వ్యాపారమైతే తీసుకోండి. నేను రెండో వారమే ఆపేశా. రాత్రి పదింటి తర్వాత "పడుకున్నానండి, పొద్దున్నే చూస్తా" అని దానంతట అదే వెళ్లే మెసేజ్ ఫ్రీ యాప్‌లోనే ఉంది, నాకది చాలు.

ఆవిడ చీర తీసుకుంది లెండి, ఇప్పుడు 'ఫాల్ కుట్టాలి'లో ఉంది.