మీ "బెస్ట్ ఫిజిక్స్ సార్" మీకు నేర్పింది తక్కువే! తిట్టండి, కానీ చివరిదాకా చూసి తిట్టండి

హాయ్ అందరికీ, సోది లేకుండా పాయింట్‌కి వచ్చేస్తున్నా. మీ కాలేజీలో అందరూ కళ్లు మూసుకుని ఫీడ్‌బ్యాక్‌లో 5కి 5 ఇచ్చే ఫిజిక్స్ సార్ ఒకరుంటారు కదా, ఆయన క్లాసులో మీరు నేర్చుకున్నది మీరు అనుకుంటున్నంత లేదు. పోయిన వీడియోలో స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ చూసి ఫిజిక్స్ ప్రొఫెసర్లని తూకం వేయడం ఆపండి అన్నానని కామెంట్లలో ఉతికి ఆరేశారు, నువ్వు మేనేజ్‌మెంట్ మనిషివా అని ఒకరు, ఫీజు కట్టేది మేము, మార్కులు మేం వెయ్యకపోతే ఎవరేస్తారు అని ఇంకొకరు. వెయ్యండి, వద్దనట్లేదు. కానీ మీరు మార్కులేస్తోంది దేనికి? అర్థమైందన్న ఫీలింగ్‌కి! నేర్చుకున్నదానికి కాదు. ఈ రెండూ వేరు, చాలా వేరు.

ఇది నా సొంత కవిత్వం కాదు, హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసులోనే తేలింది. లూయీ డెలోరియే టీం చేసిన ప్రయోగం, 2019లో పేపర్ వచ్చింది. ఫస్ట్ లెవెల్ ఫిజిక్స్ చదివే పిల్లల్ని ర్యాండమ్‌గా రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి మంచి పేరున్న ప్రొఫెసర్ నీట్‌గా లెక్చర్ ఇచ్చి ప్రాబ్లమ్స్ కూడా ఆయనే చేసి చూపించాడు. రెండో గ్రూపుకి అదే టాపిక్, అవే ప్రాబ్లమ్స్, కాకపోతే ముందు మీరే గ్రూపులుగా కూర్చుని తల బద్దలు కొట్టుకోండి, తర్వాత నేను చెప్తా అన్నారు. తర్వాతి క్లాసుకి గ్రూపుల్ని తారుమారు చేశారు, ఒకసారి స్టాటిక్స్, ఒకసారి ఫ్లూయిడ్స్. క్లాసు అవ్వగానే టెస్టు పెట్టి, ఎంత నేర్చుకున్నావని కూడా అడిగారు.

టెస్టులో మార్కులు ఎక్కువ వచ్చింది తంటాలు పడిన గ్రూపుకి. "సూపర్‌గా నేర్చుకున్నాం" అని చెప్పింది లెక్చర్ విన్న గ్రూపు. పూర్తిగా రివర్స్! హార్వర్డ్ పిల్లలకే ఇలా ఉంటే రాత్రి 2 గంటల వరకు రీల్స్ చూసి పొద్దున్నే ఫస్ట్ అవర్‌కి వచ్చే మన సంగతేంటి చెప్పండి. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత ఎంత ఈజీగా ఉంటుందో, బాగా చెప్పే సార్ క్లాసులో ఫిజిక్స్ అంత ఈజీగా ఉంటుంది. అదే నువ్వు పెన్ను పట్టుకుంటే ఎక్కడ ఆగిపోతున్నావో తెలుస్తుంది, తల గోక్కుంటావు, చిరాకొస్తుంది, ఆ చిరాకంతా తీసుకెళ్లి ఫీడ్‌బ్యాక్‌లో "సార్ సరిగా ఎక్స్‌ప్లెయిన్ చేయరు" అని రాసేస్తావు.

అదే హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఇంకో ప్రొఫెసర్. డాక్టర్లు అవ్వాలనుకునే పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాడు, రేటింగులు అదిరిపోయేవి, ఆయన కూడా నేను తోపు టీచర్ అనే అనుకున్నాడు. ఒకరోజు మామూలు లెక్కలు కాకుండా మాటల్లో అడిగే బేసిక్ కాన్సెప్ట్ టెస్టు పెడితే ఒక స్టూడెంట్ లేచి అడిగిందట, సార్ వీటికి ఆన్సర్ మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని. అసలు ఆ ప్రశ్న విన్నాక ఏ టీచర్‌కైనా నిద్ర పడుతుందా? ఆయన లెక్చర్ పద్ధతే మార్చేశాడు, క్లాసులో ప్రశ్న వేసి పక్కవాడితో వాదించుకోండి అంటాడు, అదే పీర్ ఇన్‌స్ట్రక్షన్.

అలాంటి టెస్టుల్లో ఉండే ప్రశ్న ఒకటి మీకూ వేస్తున్నా, వీడియో పాజ్ చేసి చెప్పండి. లోడ్ లారీ, ఖాళీ ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఎవరి మీద ఎక్కువ ఫోర్స్ పడింది? ఆటో మీద అన్నారా? రెండింటి మీదా సమానమే! న్యూటన్ థర్డ్ లా నిద్రలో లేపి అడిగినా చెప్తారు మీరు, నాకు తెలుసు. ఆటో నుజ్జు అయ్యేది దాని మాస్ తక్కువ కాబట్టి, అదే ఫోర్స్‌కి దాని యాక్సిలరేషన్ ఎక్కువ కాబట్టి.

ఇప్పుడు మన బీటెక్ ఫస్టియర్‌కి రండి, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫేవరెట్ సార్ ఎవరు? మిడ్‌కి ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ టిక్ పెట్టించే సార్, నోట్స్ డిక్టేట్ చేసే సార్, అటెండెన్స్ చూసీ చూడనట్టు వదిలేసే సార్. హీలియం నియాన్ లేజర్ ఎనర్జీ లెవెల్ డయాగ్రం బాణాలతో సహా దించేస్తారు మనోళ్లు. అసలు రెండే లెవెల్స్‌తో లేజర్ ఎందుకు రాదురా అని అడుగు, క్లాసంతా సైలెంట్. ఎంత పంప్ చేసినా, అంటే ఎంత ఎనర్జీ ఇచ్చినా, పై లెవెల్‌కి ఎక్కే ఆటమ్స్ ఎక్కుతుంటే దిగేవి దిగుతూనే ఉంటాయి, మహా అయితే సగం సగం అవుతాయి, లేజర్ రావాలంటే పైన ఎక్కువ ఉండాలి, కానీ చేరవు, అంతే విషయం! ఈ ఒక్క ముక్క పిల్లల నోటితోనే చెప్పించాలని అరగంట క్లాసు ఆపే మేడమ్‌కి "సిలబస్ స్లో" అని 2 స్టార్లు. అన్యాయం కాదా ఇది?

చిలుకూరి శాంతమ్మ గారు గుర్తొస్తున్నారు. ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్, 1989లో రిటైర్ అయ్యారు, తొంభై దాటాక కూడా చేతికర్రల సాయంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్లి సెంచూరియన్ యూనివర్సిటీలో పాఠం చెప్పారు. ఆ మనిషి చేసిన పనిని ఏ ఫారంలో ఏ కాలమ్‌లో పెడతారు మీరు?

అలాగని పీపీటీ చదివేసి వెళ్లిపోయే వాళ్లని వెనకేసుకు రావట్లేదు, వాళ్లకి 1 ఇవ్వండి, నేనూ ఇస్తా. నా గొడవల్లా టైమింగ్ మీద. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాలిక్యులస్ మీద కారెల్, వెస్ట్ అని ఇద్దరు చేసిన స్టడీ 2010లో వచ్చింది, అక్కడ ఏ స్టూడెంట్‌కి ఏ ప్రొఫెసర్ అన్నది ర్యాండమ్. అప్పటికప్పుడు మార్కులు తెప్పించి పిల్లల దగ్గర మంచి రేటింగ్ కొట్టేసిన ప్రొఫెసర్ల స్టూడెంట్లు తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారు. అందుకే అంటున్నా, ఫస్టియర్ ఫిజిక్స్ ఫీడ్‌బ్యాక్ ఫస్టియర్‌లో తీసుకోకండి, థర్డ్ ఇయర్‌లో సెమీకండక్టర్లు, ఆప్టికల్ ఫైబర్లు మీదపడ్డాక ఆ పిల్లల్నే పిలిచి అడగండి, మీకు పనికొచ్చేలా చెప్పింది ఎవర్రా అని. థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ వాళ్లు ఉంటే కింద రాయండి, పేర్లు వద్దు, ఫస్టియర్‌లో ఎన్ని స్టార్లు ఇచ్చారు, ఇప్పుడైతే ఎన్ని ఇస్తారు, ఈ రెండు నంబర్లు చాలు నాకు.